పుల్ల విరిచింది ఎవరు

మా నాన్న ఇంగ్లీషు నేర్పే తీరే వేరు. "ముందు పని చెయ్యి, తర్వాత మాట వెతుక్కో" అనేవాడు. ఆయన నరసరావుపేట మిషన్ స్కూల్లో పంతులు. చూడడం అనే ఒక్క పనికి ఇంగ్లీషులో సీ, లుక్, వాచ్ అని మూడు మాటలున్నాయని పుస్తకంలో చదివి నేను గడగడా అప్పజెప్తే ఆయనకు ఒళ్ళు మండింది. నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి నిలబెట్టాడు. పైన గద్ద తిరుగుతోంది. కింద పిల్లల కోడి మెడ వంచి, ఒక కంటితో దాన్నే కనిపెట్టుకొని ఉంది. కోడి చేస్తున్నది వాచ్ అన్నాడు. నేను చెప్పగానే నువ్వు తలెత్తావు చూడు, అది లుక్. తలెత్తాక గద్ద నీ కంటపడింది గదా, అది సీ, అది పడకుండా నువ్వు ఆపలేవు అన్నాడు. ఆ రోజుకి పాఠం అంతే.

ఒక్క పనికి ఇన్ని మాటలెందుకని నేను ఎదురు తిరిగేదాన్ని. చిన్నప్పటి నుంచీ నాకు నోరు కాస్త ఎక్కువే. మనం చీర కట్టుకుంటాం, రవిక తొడుక్కుంటాం, గాజులు వేసుకుంటాం, పూలు పెట్టుకుంటాం. వాళ్ళు వేర్ అని ఒక్క మాటతో అన్నీ సరిపెట్టేస్తారు, వాళ్ళే నయం గదా అని ఒకసారి అన్నాను. నాన్న నవ్వి, మిషన్ బంగళాలో దొరల పిల్లలు తెలుగు నేర్చుకుంటూ మనల్ని ఇలాగే తిట్టుకుంటూ ఉంటారన్నాడు. ఏ జనానికి ఏ పని మీద కన్ను ఎక్కువసేపు నిలుస్తుందో ఆ పనికి వాళ్ళ దగ్గర మాటలు ఎక్కువ ఉంటాయని ఆయన సిద్ధాంతం. అది నిజమో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ మాట ఎంచే ముందు ఆ పని ఎవరు చేశారు, ఎవరి మీద చేశారు అని చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ట్రైనింగు పూర్తి చేసి, అదే మిషన్ కాంపౌండులో ఆడపిల్లల బోర్డింగు స్కూల్లో టీచరుగా చేరాను. అప్పుడు కిరసనాయిలుకు కంట్రోలు, బట్టకు కంట్రోలు. అంతకు ముందున్న పెద్ద దొరసాని సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళి, ఓడలు సరిగా నడవక అక్కడే చిక్కుబడిపోయింది. ఆమె చోటికి బర్మా నుంచి తప్పించుకొని వచ్చిన ఒక దొరసానిని పంపించారు. ఈమెకు బర్మా భాష వచ్చు, తెలుగు రాదు. నిలువెత్తు మనిషి. మా ఎండకు మొహం ఎప్పుడూ పండిన మిరపకాయలాగే ఉండేది. నెల తిరక్కముందే నన్ను పిలిచి, బడి అయ్యాక రోజూ బంగళా వరండాలో తన పక్కన కూర్చొని, వచ్చినవాళ్ళ మాటలు ఇంగ్లీషులో చెప్పమంది.

ఆమెతో వేగడం అంత తేలిక కాదు. నేనొక మాట చెప్తే, అదేనా, దాని పక్క మాట కాదా అని అడిగేది. ఒక తండ్రి వచ్చి పిల్లను ఇంటికి తోలుకుపోతానంటే నేను టేక్ అన్నాను. ఆమె తన నిఘంటువు తిరగేసి, తోలడమంటే పశువులను గదా, ఇతను బిడ్డను అదిలించి నడిపిస్తాడా అని కంగారు పడింది. నాకు చిరాకు వచ్చింది గానీ, లోపల సంతోషంగానూ ఉంది. నాన్న పోయాక మాటల మీద నాతో అలా కుస్తీ పట్టినవాళ్ళు ఆమె వరకు దొరకలేదు.

బోర్డింగులో వంట చేసే ఆమెను పిల్లలూ మేమూ వంటక్క అనే పిలిచేవాళ్ళం. ముప్ఫై దాటి ఉంటాయి. జొన్న సంగటి కెలికి కెలికి చేతులు మొద్దుబారాయి. అడిగినవాళ్ళకు రెండో ముద్ద లేదనేది కాదు, తిట్టకుండా పెట్టేదీ కాదు. కాంపౌండులో ఆమెకు పడనిది పాస్టరుగారి భార్య ఒక్కతే. బోర్డింగుకు దించిన తుమ్మకట్టెల్లోంచి పాస్టరమ్మ ఒక మోపు పట్టుకుపోయిందని వంటక్క, నన్ను దొంగను చేసిందని పాస్టరమ్మ, ఇద్దరూ మాటలు మానేశారు. బావి దగ్గర ఎదురుపడితే ఒకరి చేద పైకి వచ్చేదాకా ఇంకొకరు దూరంగా నిలబడేవాళ్ళు.

వంటక్క పుట్టింది గురజాల దగ్గర పల్లెలో. నాపరాళ్ళ గనిలో పనిచేసే మేనమామ కొడుక్కి ఊహ తెలియక ముందే ఇచ్చి చేశారు. పిల్లలు కలగలేదు. కొన్నేళ్ళకు ఆమె పుట్టింటివాళ్ళు క్రైస్తవంలో కలిశారు, ఆమె కూడా బాప్తిస్మం తీసుకుంది. భర్త తీసుకోలేదు. ఆయన కొట్టనూ లేదు, తిట్టనూ లేదు. ఒకరి దేవుడి జోలికి ఒకరు పోకుండా కొంతకాలం కాపురం చేశారు. అది కుదిరే పని కాదని ఇద్దరికీ అర్థమయ్యాక, ఒకేసారి ఇంట్లోంచి బయల్దేరి పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళి పుల్ల విరుచుకున్నారు.

మా వైపు కష్టం చేసుకొని బతికేవాళ్ళలో ఉన్న పద్ధతి అది. ఆలుమగలు విడిపోదలిస్తే పెద్దల ముందు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక ఎండుపుల్ల చెరొక కొస పట్టుకొని విరుస్తారు. ఎవరి చేతిలో మిగిలిన ముక్క వాళ్ళు వెనక్కి పారేసి, తిరిగి చూడకుండా వెళ్ళిపోతారు. అక్కడితో ఎవరి దారి వాళ్ళది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆ మనిషి మాచర్లలో ఇంకొకామెను చేసుకున్నాడు, పిల్లలు కూడా పుట్టారు. వంటక్క నరసరావుపేట వచ్చి బోర్డింగు పొయ్యి ముందు కూర్చుంది.

ఆ పొయ్యి దగ్గరే రెండో కథ మొదలైంది. మిషన్ ఆసుపత్రికి కొత్త వార్డు కడుతున్న మేస్త్రీ ఒకడు మధ్యాహ్నాలు మంచినీళ్ళకు వంటింటి గుమ్మం దాకా వచ్చేవాడు. శావల్యాపురం వైపు మనిషి, క్రైస్తవుడు, భార్య చనిపోయింది. నోట్లోంచి మాట రాదు. వంటక్క పొగలో దగ్గుతూ వండడం చూశాడు. ఒక ఆదివారం ఆమె ఆరాధనకు వెళ్ళిన వేళ, ఎవరినీ అడక్కుండా ఆ పొయ్యి పడగొట్టి కొత్తది కట్టి పోయాడు. తిరిగొచ్చి ఆమె తిట్టని తిట్టు లేదు. కానీ ఆ పొయ్యి పొగంతా గొట్టంలోంచి పైకి పంపేసింది. ఎండాకాలం వచ్చేసరికి ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామని పాస్టరుగారి దగ్గరికి వెళ్ళారు.

వంటక్కకు చర్చిలోనే పెళ్ళి కావాలి. కారణం నాకు ఒక్కదానికే చెప్పింది. మా చర్చిలో పాస్టరుగారు పెళ్ళికూతుర్ని పేరు పెట్టి పిలిచి, ఇతన్ని భర్తగా ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. పల్లె పిల్లలు సిగ్గుతో తల దించేసుకుంటే పక్కనున్న మేనత్త మోచేత్తో పొడిచి అవును అనిపిస్తుంది. వంటక్క ఆ ప్రశ్న కోసం ఎదురు చూస్తోంది.

"మొదటి పెళ్ళప్పుడు మా అమ్మ వొళ్ళో నిద్దరపోతన్నానంట టీచరమ్మా. నన్నెవురూ ఏందీ అడగలా. ఈసారి మేలుకోనుండి, అందరూ ఇనేటట్టు అవునని చెప్పాల."

చిన్న కోరికే. కానీ పాస్టరుగారి చేతిలో లేదు. మొదటి పెళ్ళి ఉన్నవాళ్ళకు రెండో పెళ్ళి చేయాలంటే పై కమిటీ అనుమతి కావాలి. వాళ్ళ నియమం ప్రకారం, క్రీస్తును నమ్మని భర్త నమ్మిన భార్యను విడిచి పోతే ఆ భార్యకు బంధం లేదు. కాబట్టి జరిగిన సంగతి ఇంగ్లీషులో రాసి, దొరసాని సంతకంతో పంపాలి. రాయడం నా పని.

ఏముంది, వదిలేశాడు అని రాస్తే సరి అనుకున్నాను. కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది. వదిలేయడం అని మనం అన్నిటికీ అంటాం. ఎద్దును మేతకు వదిలేస్తాం, చుట్ట తాగడం వదిలేస్తాం, పెళ్ళాన్ని వదిలేశాడంటాం. ఇంగ్లీషులో ఆ పనికి మాటలు వరసగా వచ్చి నిలబడ్డాయి. లీవ్ అంటే పొద్దున పనికి పోయేవాడు కూడా ఇంటిని లీవ్ చేసే పోతాడు, ఈ సంగతికి ఆ మాట బరువు చాలదంది దొరసాని. అబాండన్ అంటే మునిగే ఓడను, వీధిలో పసిబిడ్డను వదిలి పోవడం. బర్మాలో మా ఇంటిని అలా వదిలేసి వచ్చాం అని చెప్పి, నిఘంటువులో పేజీ తిప్పింది. ఫర్సేక్ ఇప్పుడు ప్రార్థనల్లో తప్ప ఎవరూ వాడరట. ఇక మిగిలింది డిజర్ట్. కావలి కాయవలసిన సిపాయి తన చోటు విడిచి పారిపోతే ఆ మాట అంటారు. అందులో నేరం ఉంది. నియమానికి కావలసింది సరిగ్గా ఆ నేరమే.

పాస్టరుగారు కూడా అదే అన్నారు. డిజర్ట్ అని రాసెయ్యమ్మా, ఆ మనిషికి ఇంగ్లీషూ రాదు, ఆ కాగితమూ చూడడు, ఈమె పెళ్ళి అయిపోతుంది, ఎవరికి నష్టం అన్నారు. ఆయన మంచికే చెప్పారు. వంటక్క మీద ఆయనకు దయ ఉంది. నేను రాశాను.

అయితే నాదొక పట్టు ఉండేది. ఎవరి గురించి ఇంగ్లీషులో ఏం రాసినా తెలుగులో వాళ్ళకు వినిపించాకే దొరసాని చేతికి ఇచ్చేదాన్ని. వంటింటికి వెళ్ళాను. వంటక్క గోంగూర ఒలుస్తోంది. చదివి, అర్థం చెప్పాను. నిలబడవలసిన మగవాడు నిలబడక, భార్యను దిక్కులేకుండా వదిలేసి పారిపోయాడు అని ఆ మాటకు అర్థం అన్నాను. ఆమె చేతిలో కాడ అలాగే ఉండిపోయింది.

అట్టా రాయొద్దంది. ఆయన ఎక్కడికీ పారిపోలేదు, ఇద్దరం కలిసే నడిచి వెళ్ళాం, దారిలో నా కాలికి ముల్లు గుచ్చుకుంటే తీసింది కూడా ఆయనే అంది. పారిపోయే మనిషి ముల్లు తీస్తాడా అని నన్నే అడిగింది. ఆ మాట మారిస్తే పెళ్ళి ఆగిపోవచ్చని చెప్పాను. తెలుసు, అయినా రాయొద్దు అని మళ్ళీ గోంగూర ఒలవడం మొదలుపెట్టింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఒక్క మాటను పట్టుకొని చేతిదాకా వచ్చిన కూడు తన్నుకుంటోంది అనుకున్నాను. మాట దగ్గర నేను మాత్రం తక్కువ తిన్నానా అని ఆ క్షణం తోచలేదు.

పాస్టరుగారు మందలించారు, మేస్త్రీ విని, తాపీ తీసుకొని పనికి పోయాడు. దొరసాని సంగతంతా విని, అయితే ఆ మనిషినే అడుగుదాం అంది. వార్డు వరండాకు నాపరాళ్ళు మాచర్ల నుంచే వస్తున్నాయి. బండ్లవాళ్ళతో కబురు పంపితే, తర్వాతి రాళ్ళ బండి మీద ఆయన కూడా వచ్చాడు. పొట్టి మనిషి, తలగుడ్డకు రాతిపొడి పట్టి ఉంది. బంగళా వరండాలో కూర్చోమంటే కూర్చోలేదు, స్తంభాన్ని ఆనుకొని నిలబడ్డాడు. వంటక్క వరండా చివర గుమ్మం పక్కన ఉంది. పాస్టరుగారు ఆయనకు ముందే విషయం చెప్పినట్టున్నారు. దొరసాని ఇంకా అడగకముందే ఆయన నా వైపు తిరిగాడు.

"నేనే వదిలేసి పోయినానని రాయమ్మా. అట్టా రాస్తే దానికి పెళ్ళయిద్దంట గదా. రాయి. నాకేం పోద్ది?"

"నీకేం పోదు. నాకు పోద్ది" అంది వంటక్క. గొంతు పెంచలేదు. "నన్ను పారేస్తే ఇంకొకడు ఏరుకున్నాడంటారు. నేను పారేసిన దాన్ని కాను. రేపు నీ పిల్లల్ని కూడా అంటారు, మీ నాయన పెళ్ళాన్ని పారేసినోడని. ఆళ్ళేం చేశారు?"

ఆయన తలగుడ్డ తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. ఇదంతా నేను దొరసానికి ఇంగ్లీషులో చెప్తూనే ఉన్నాను. చివరికి ఆమె నుదురు రుద్దుకొని, సరే, ఎవరో ఒకరు ముందు అన్నారు గదా, ఎవరో ఒకరు చేశారు గదా, ఎవరు అని అడిగింది. ఆ ప్రశ్నతో నాకు పెరట్లో కోడీ గద్దా గుర్తొచ్చాయి. చెప్తే తెగేది కాదు, చేసి చూపించాల్సిందే అనుకున్నాను. వంటింటి చూరులోంచి ఒక ఎండుపుల్ల లాగి తెచ్చి, ఒక కొస దొరసాని చేతికిచ్చాను, రెండోది వంటక్కను పట్టుకోమన్నాను. విరవండి అన్నాను.

దొరసాని ఇబ్బందిగా నవ్వింది. పుల్ల కాస్త వంగింది. వంటక్క ఆమె కళ్ళలోకి చూస్తూ ఉంది. దొరసాని నవ్వు ఆగిపోయింది. పుల్ల టక్కున విరిగింది. ఇప్పుడు విరిచింది మీరా, ఆమెనా అని అడిగాను. దొరసాని చేతిలో ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. నాకు తెలియడం లేదు అంది. ఆ ముక్కను ఏం చెయ్యాలని అడిగితే, వెనక్కి పారేసి చూడకుండా వెళ్ళిపోవాలని చెప్పాను. ఆమె పారెయ్యలేదు, బల్ల మీద పెట్టింది. మాచర్ల మనిషి ఇక సెలవన్నాడు. వంటక్క ఆయన్ను సంగటి తిని పొమ్మంది. ఆయన తిని పోయాడు.

ఆ సాయంత్రం దొరసానీ నేనూ మళ్ళీ మాటల దగ్గర కూర్చున్నాం. నేను రిలీజ్ అన్నాను. ఒకరు ఒకరిని పట్టుకొని ఉంటే గదా రిలీజ్ చేసేది, అది జైలు మాట అంది ఆమె. చివరికి పార్ట్ దగ్గర ఇద్దరం ఆగాం. అందులో చేసినవాడు వేరు, పడ్డవాడు వేరు కాదు. ఇద్దరూ చేసినవాళ్ళే. వాళ్ళు విడిపోయారు, అంతే. పుల్ల సంగతి కూడా ఉన్నదున్నట్టు రాసి, వంటక్కకు చదివి వినిపించాను. "అదే గదా జరిగింది" అంది. దొరసాని సంతకం పెట్టింది.

కమిటీ నుంచి జవాబు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఎవరూ ఎవరినీ విడిచి పోలేదు కాబట్టి మొదటి పెళ్ళి బంధం అలాగే ఉందనీ, చర్చిలో పెళ్ళికి వీలు లేదనీ రాశారు. మర్యాదగానే రాశారు. ఆ ఉత్తరం చదివి వినిపించవలసిందీ నేనే. నిజం రాస్తే ఇదా ఫలితం అనుకుంటూనే చదివాను. వంటక్క అన్నం వారుస్తోంది. గంజి చివరి చుక్క దాకా వంచి, గిన్నె దించాక అడిగింది, ఇక ఎవరూ నన్ను ఆ మాట అడగరన్నమాట అని. అవునన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. అది ఆవిరికి అనుకోవాలంటే అనుకోవచ్చు, కానీ ఆమె ఏడ్చింది.

పెళ్ళి శావల్యాపురం పక్కన మేస్త్రీ వాళ్ళ పల్లెలో, పందిట్లో, పెద్దమనుషుల ముందు జరిగింది. నేనూ వెళ్ళాను. మేస్త్రీ పసుపుతాడు కడుతున్నాడు. అక్కడ పెళ్ళికూతుర్ని అడిగేదేమీ ఉండదు. అయినా ముడి పడగానే వంటక్క తలెత్తి, పందిరంతా వినపడేటట్టు "అవును" అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎవరో ముసలామె, ఏమే, నిన్నెవరడిగారే అంది. మేస్త్రీ మాత్రం నవ్వలేదు, ఆమె వైపు చూసి తల ఊపాడు.

చర్చి బయట పెళ్ళి చేసుకున్నందుకు సంఘ పెద్దలు వాళ్ళిద్దరినీ ప్రభువు బల్లకు దూరం పెట్టారు. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు, అలా దూరం పెట్టినవాళ్ళు లేచి బయటికి వెళ్ళాలి. మేస్త్రీ పనుల మీద చిలకలూరిపేట వైపు తిరుగుతుండేవాడు, కాబట్టి లేవవలసింది ఎక్కువగా ఆమె ఒక్కతే. పాస్టరుగారు ప్రకటించేదాకా ఆమె ఆగేది కాదు. తలుపు పక్కన చాప మీద కూర్చొని, పాట అయిపోతుండగానే లేచి, వంటింటికి వెళ్ళి ఎసరు పెట్టేది. మేం బోర్డింగుకు వచ్చేసరికి అన్నం ఉడికి ఉండేది. లేచి వెళ్ళడం అనే ఆ పనికి ఇంగ్లీషులో ఏ మాట సరైనదో నేను తడుముకోనక్కర్లేదు. బరువు చాలదని దొరసాని తోసేసిన లీవ్ అన్న మాటే. నాకైతే దానికి మించిన బరువు ఏ మాటలోనూ కనిపించలేదు.

ఆ ఏడు పంటలు ఇంటికొచ్చే కాలంలో ఒక మొదటి ఆదివారం, వంటక్క ఎప్పటిలాగే లేచింది. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న దొరసాని కూడా లేచింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. ఆమె చాపల మధ్య దారిలో నడిచి, తలుపు దాటి, వంటక్క వెనకాలే వెళ్ళిపోయింది. రొట్టె విరవబోతున్న పాస్టరుగారి చేతులు ఆగిపోయాయి. నేను కిటికీ పక్కన ఉన్నాను గనక కనిపించింది. వంటింటి గడప మీద ఆ నిలువెత్తు మనిషి మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు కూర్చుంది. వంటక్క ఆమెకు చేట అందించింది. ఇద్దరూ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నారు.

దాని మీద చాలా గొడవ జరిగింది. సంఘ పెద్దలు కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. దొరసానిని పై కమిటీకి చెప్పాలని ఒకరు, మన ఇంటి సంగతి బయట పెట్టొద్దని ఇంకొకరు. తర్వాతి నెల దొరసాని మళ్ళీ లేచి వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ తేల్చలేదు.

ఆ పై నెల మొదటి ఆదివారం పాస్టరమ్మ తన చోట్లో కూర్చోలేదు. ఆమె ఎప్పుడూ ముందు చాప మీద, పాటల పుస్తకాలు పంచే అమ్మాయిల పక్కన కూర్చునేది. చర్చిలో ఆమె నోరు విప్పగా నేను చూడలేదు. ఆ రోజు వెనక్కి వచ్చి తలుపు దగ్గర, వంటక్క పక్కనే చతికిలబడింది. కట్టెల మోపు గొడవ తర్వాత ఇద్దరూ ఒక చాప మీద కూర్చోవడం అదే మొదలు. ఇద్దరూ ఎదుటి గోడ వైపే చూస్తున్నారు. పాట చివరి చరణానికి వచ్చింది. వంటక్క చేత్తో నేల ఆనించి లేవబోయింది. ముందు వరసలో దొరసాని కూడా కుర్చీ చేతుల మీద చేతులు వేసింది.

పాస్టరమ్మ వంటక్క మణికట్టు పట్టుకొని కిందికి లాగింది.

"కూకోవే. నిన్నెవురు పొమ్మన్నారు?"

చర్చి అంతా వినపడింది. పాస్టరుగారు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం పట్టుకొని భార్య వైపు చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు, ఆ చెయ్యీ వదల్లేదు. ఆయన పళ్ళెం బల్ల మీద దించారు. తర్వాత రొట్టె విరిచారు. ఎప్పుడూ ముందు వరస నుంచి మొదలుపెట్టే మనిషి, పళ్ళెం పట్టుకొని చాపల మధ్య నుంచి తిన్నగా తలుపు దాకా నడిచి వచ్చి, వంటక్క ముందు వంగారు. ఆయన ఏమీ అడగలేదు. ఆ వేళ అడిగేదేమీ ఉండదు కూడా.

వంటక్క తలెత్తి, అందరూ వినేటట్టు, "అవును" అంది.